అను ఫాంట్ల జాబితా ఒమేకాలో గజిబిజిగా కనిపిస్తుంటే
మాస్టారూ, అమలాపురంలో సేకరించిన పాత పుస్తకాల జాబితాను ఒమేకాలోకి (సేకరణల్ని వెబ్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయన్నారు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదండి. జాబితాను డీటీపీ వాళ్లు అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో కొట్టి ఉంటారు. ఫైల్లో ఉన్నవి వేరే కోడ్‌లు, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుందంతే. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ఏ ఫాంటులోనైనా తెలుగు తెలుగుగానే ఉండే కోడ్) మార్చండి. ఒత్తుల దగ్గర తేడా కొడుతుంది, 20 వరుసలు కంటితో సరిచూశాకే మిగతావి ఎక్కించండి. రాజమండ్రిలో మేం చూడకుండా ఎక్కించేసి, వారం రోజులు తిట్టుకుంటూ దిద్దుకున్నాం! ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) కాదు, తెలుగు చెడిపోకుండా ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోండి. స్కాన్ చేసిన పేజీల్లో మాటలు వెతకాలంటే టెసరాక్ట్ ఓసీఆర్‌ను (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) తెలుగు డేటాతో నడపాలి. దానికి తొందరేం లేదు, ముందు జాబితా తేల్చండి. కన్వర్టర్ ఓపెన్ సోర్స్‌దైతే (కోడ్ అందరికీ తెరిచి ఉంచినదైతే), దొరికిన తప్పుల్ని గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే సైట్) దాని పేజీలో ఇష్యూగా, అంటే ఫిర్యాదుగా, పెట్టండి.