ఆట ఉచితమే.. మరి ఫీజు డబ్బు ఎలా పోయింది?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. గాంధీ రోడ్డులో బట్టల షాపులో పనిచేస్తాను. జీతం 22,000. మా ఆవిడ కుట్టుపని చేసి నెలకు 5,000 దాకా తెస్తుంది. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి నా ఫోన్‌లో ఒక కుంగ్‌ఫూ ఫైటింగ్ గేమ్ వేసుకున్నాడు. ఉచితం, నెట్ కూడా అక్కర్లేదన్నాడు. మూడు వారాల్లో ఖాతాలోంచి 18,400 పోయింది. అది వాడి స్కూల్ ఫీజు. ఫీజు కట్టడానికి లోన్ యాప్‌లో 25,000 తీసుకుంటే చేతికి 22,500 వచ్చింది. నెలకు 9,000 చొప్పున మూడు కిస్తీలు, ఒకటి కట్టాను. మిగతా రెంటికీ ఇంకో యాప్‌లో తీసుకోవచ్చా? డబ్బు అడగని ఫైటింగ్ గేమ్‌లు ఉన్నాయా?

జవాబు: వద్దు. రెండో యాప్ జోలికి పోనే పోవద్దు. 22,500 ఇచ్చి మూడు నెలల్లో 27,000 లాగుతున్నారంటే నూటికి నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా నూటికి ఐదు రూపాయలంటేనే వాళ్ల గడప తొక్కం. ఫోన్‌లో రెండు నిమిషాల్లో వస్తోందని మాత్రం లెక్క కూడా వేసుకోకుండా తీసేసుకుంటున్నాం. మీ ఆవిడ ఒప్పుకుంటే బంగారు గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టి ఆ యాప్ బాకీ ఈ వారమే తీర్చేయండి. అక్కడ వడ్డీ నూటికి రూపాయి అటూ ఇటూ ఉంటుంది. యాప్ వాళ్లు బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక అసలు సంగతి. మీవాణ్ని తిట్టకండి. 18,400 పోగానే అప్పు చేయాల్సి వచ్చిందంటే ఇంట్లో అత్యవసర నిధి లేదన్నమాట. ఈసారి గేమ్ కాబట్టి సరిపోయింది, రేపు ఆసుపత్రి అయితే? పైగా మీ షాపు యాత్రికుల మీద బతికేది. 2020 మార్చి 20 నుంచి జూన్ దాకా కొండ మీదికి భక్తుల్ని రానివ్వనప్పుడు గాంధీ రోడ్డు ఎలా ఉందో నాకంటే మీకే బాగా తెలుసు. తిరుపతిలో జీతగాడికి మూడు నెలల ఖర్చు పక్కన ఉండి తీరాలి. ఇల్లు నెలకు 20,000తో గడుస్తుందనుకుంటే 60,000 కావాలి. ఒక్కసారిగా కుదరదు, తెలుసు. ముందు 20,000 చేర్చండి. గాజులు విడిపించేదాకా నెలకు 1,000 అయినా సరే, ఆ తర్వాత 3,000. పండగ బోనస్ వస్తే సగం అందులోకే.

ఆ డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి. దానికి యూపీఐ పెట్టొద్దు, ఏటీఎం కార్డు తీసుకోవద్దు. పాస్‌బుక్ బీరువాలో ఉండాలి. జీతం, ఫీజు, పాల డబ్బు అన్నీ ఒకే ఖాతాలో పెట్టి, ఆ ఖాతా ఉన్న ఫోన్ పిల్లాడికిచ్చి, కరెంటు బిల్లు కట్టమని పిన్ కూడా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లోనూ అదే జరిగి ఉంటుంది. ఇవాళే పిన్ మార్చండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. కొన్న 48 గంటల్లోపైతే గూగుల్‌నే రీఫండ్ అడగొచ్చు. అది దాటితే గేమ్ తయారుచేసినవాళ్లకు రాసి చూడండి, ఆశ మాత్రం పెట్టుకోవద్దు.

గేమ్‌ల సంగతికొస్తే, షాడో ఫైట్ 2 లాంటివి వేసుకోవడానికి ఉచితమే. కానీ ఆడేకొద్దీ ఎనర్జీ, అంటే ఫైట్‌కు కావాల్సిన శక్తి, అయిపోతుంది. ఎదుటివాడు బలపడతాడు, మన కత్తి చాలదు. ఓపిక పడితే నెమ్మదిగా సాగుతుంది, పట్టకపోతే జెమ్స్, అంటే గేమ్‌లో వాడే రత్నాలు, అసలు డబ్బు పెట్టి కొనాలి. పదమూడేళ్ల పిల్లాడికి అంత ఓపిక ఎక్కడిది? ఫైట్‌కు నెట్ అక్కర్లేదు గానీ జెమ్స్ కొనాలంటే నెట్ కావాలి. అందుకే సిమ్ లేని పాత ఫోన్‌లో గేమ్ వేసి, వైఫై ఆపి ఇవ్వండి. అదే గేమ్‌కు స్పెషల్ ఎడిషన్ ఉంది. ఒక్కసారి కొంటే చాలు, ఎనర్జీ గొడవ, ప్రకటనలు ఉండవు.

టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా గురించి ఆ 20,000 చేరాక రాయండి, చెబుతాను. ముందు బ్యాంకుకు వెళ్లి కొత్త ఖాతా తెరవండి.