పాత నిబంధన పాటలు నేర్పించబోతున్న సునీతకు

ప్రియమైన సునీతకు,

ప్రభువు నామంలో శుభాలు. సంఘంలో క్వాయర్ బాధ్యత నీకు అప్పగించారని, ఈ ఏడాది పాత నిబంధనలోని పాటలే వరుసగా నేర్పించాలని నువ్వు అనుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. చాలా ఏళ్లు పాటలు నడిపించినవాణ్ణి కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను. పక్కన బైబిలు తెరిచి పెట్టుకుని తీరిగ్గా చదువుకో.

అందరూ కీర్తనల గ్రంథంతో మొదలుపెడతారు. నువ్వు మాత్రం ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయంతో మొదలుపెట్టు. మోషేకు చివరి రోజులు దగ్గరపడ్డాయి. జనం యొర్దాను దాటుతారు, అతను దాటడు. అప్పుడు దేవుడు ఒక పాట రాయమంటాడు. దాన్ని ఇశ్రాయేలీయులకు నేర్పి వాళ్ల నోట ఉంచమంటాడు. ఎందుకో కూడా చెబుతాడు. రేపు వీళ్లు పాలు తేనెలు ప్రవహించే దేశంలో కడుపునిండా తిని, కొవ్వి, నన్ను వదిలేస్తారు. అప్పుడు ఈ పాటే వాళ్ల మీద సాక్ష్యం చెబుతుంది, వాళ్ల సంతానం దీన్ని మరిచిపోదు అంటాడు. అదే అధ్యాయంలో మోషే ధర్మశాస్త్ర గ్రంథాన్ని, దేవుని సేవకు ప్రత్యేకించిన లేవీయులకిచ్చి, ఆజ్ఞల పలకలున్న మందసం పక్కన పెట్టమంటాడు. గ్రంథం మందసం పక్కన ఉంది, పాట జనం నోట్లో ఉంది. చదవడం వచ్చినవాళ్లు కొద్దిమందే ఉన్న కాలంలో ఆ రెండో చోటు ఎంత పెద్దదో ఆలోచించు.

తర్వాతి అధ్యాయంలో ఆ పాట మొత్తం ఉంటుంది, 43 వచనాలు. "యెషూరూను కొవ్వి కాలు జాడించాడు" అని అందులో ఒక మాట వస్తుంది. యెషూరూను అంటే ఇశ్రాయేలే. అంటే తమ మీద ఫిర్యాదును తామే నేర్చుకుని, తమ పిల్లలకు నేర్పి, తమ నోటితోనే పాడుకోవాలి. హెబ్రీ లేఖనాల్లో పాట చేసే పని నాకు అర్థమైనంతవరకు ఇదే. మనిషి మరిచిపోవాలనుకునేదాన్ని కూడా అది మరిచిపోనివ్వదు. వాక్యం మొదలయ్యేలోపు జనం వచ్చి సర్దుకుని కూర్చునేదాకా పాటలు నడపడం మన దగ్గర అలవాటైపోయింది. నీ క్వాయర్ పిల్లలతో మొదటి ప్రాక్టీసులోనే ఈ రెండు అధ్యాయాలూ చదివించు, ఆ అలవాటు ఎంత తక్కువదో వాళ్లకే తెలుస్తుంది.

ఆ తర్వాత నిర్గమకాండము 15కి రా. సముద్రం దాటాక మోషేతో కలిసి జనం పాడిన పాట అది. యూదులు ఈ పాటను ఎంత గౌరవిస్తారంటే, తోరా, అంటే మోషే ఐదు గ్రంథాలు రాసే చుట్టల్లో దాన్ని మామూలు వరుసల్లో రాయరు, ఇటుకలు పేర్చినట్టు మధ్యమధ్య ఖాళీలు వదిలి రాస్తారు. సమాజమందిరంలో అది చదివే విశ్రాంతి దినానికి షబ్బాత్ షిరా, అంటే పాట విశ్రాంతి దినం అని ప్రత్యేకంగా పేరుంది. చాలాచోట్ల అది చదువుతున్నంతసేపూ జనం లేచి నిలబడతారు. ఈ పాట చివర మిర్యాము చేతివాద్యం పట్టుకుని ముందు నడిస్తే, స్త్రీలందరూ నాట్యం చేస్తూ ఆమె వెంట వెళ్లారు. ఆమెను అక్కడ ప్రవక్త్రి అనే పిలిచారు. ఆడపిల్ల క్వాయర్ నడపడమేంటని ఎవరైనా సణిగితే వాదన పెట్టుకోకు. మిర్యాము ఉంది, దెబోరా ఉంది, హన్నా ఉంది, యోషీయా రాజు చనిపోయినప్పుడు విలాపగీతాలు పాడిన గాయనులు ఉన్నారు, బబులోను చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల లెక్కలో 200 మంది గాయకులు, గాయనులు ఉన్నారని ఎజ్రా 2వ అధ్యాయం చెబుతోంది. ఈ వచనాలు చూపించి ప్రాక్టీసు కొనసాగించు.

ఈ పాట నేర్పేటప్పుడు యూదు రబ్బీల బోధల గ్రంథమైన తల్మూద్‌లో ఉన్న ఒక సంగతి కూడా పిల్లలకు చెప్పు. ఐగుప్తీయులు మునిగిపోతున్నప్పుడు దేవదూతలు పాట ఎత్తుకోబోయారట. "నా చేతిపని సముద్రంలో మునిగిపోతుంటే మీరు పాట పాడతారా?" అని దేవుడు వాళ్లను ఆపాడట. గెలిచిన పాట పాడేటప్పుడు ఓడినవాడు కూడా దేవుడు చేసిన మనిషేనని గుర్తుండాలని రబ్బీలు ఇలా చెప్పుకున్నారు.

ఇదే సంగతి న్యాయాధిపతులు 5వ అధ్యాయంలో ఇంకా లోతుగా ఉంది. దెబోరా, బారాకు పాడిన పాట అది. హెబ్రీ కవిత్వంలో మనదాకా మిగిలిన అతి పాతవాటిలో ఇదొకటని చాలామంది పండితులు అంటారు. శత్రు సేనాధిపతి సీసెరా సైన్యం ఓడిపోయింది, అతను యాయేలు గుడారంలో చచ్చాడు. మామూలుగా అయితే పాట అక్కడితో అయిపోవాలి. కానీ దెబోరా పాట ఒక్కసారిగా శత్రువు ఇంటికి వెళుతుంది. అక్కడ కిటికీ దగ్గర సీసెరా తల్లి నిలబడి ఉంది, అల్లిక కిటికీలోంచి దారి వైపు చూస్తోంది. వాడి రథం ఇంకా రాలేదేంటి, గుర్రాల చప్పుడు వినిపించదేంటి అంటోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు దోపుడు సొమ్ము పంచుకుంటూ ఉంటారులే అని సర్దిచెబుతున్నారు, ఆమె కూడా తనకు తాను అదే మాట చెప్పుకుంటోంది. వినేవాళ్లకు తెలుసు వాడు రాడని, ఆమెకు తెలియదు. ఆ దోపుడు సొమ్ములో ఇశ్రాయేలు ఆడపిల్లలు కూడా ఒక లెక్కే, అది కూడా ఆ తల్లి వైపు నుంచే వినిపిస్తుంది. జాలి, కోపం రెండూ ఒకే చోట ఉంటాయి, కవయిత్రి దేన్నీ తీసేయలేదు. చాలా శతాబ్దాల తర్వాత, యూదుల కొత్త సంవత్సరానికి ఊదే పొట్టేలు కొమ్ము శబ్దం ఎలా ఉండాలని తల్మూద్ పండితులు చర్చించుకున్నప్పుడు, ఈ సీసెరా తల్లి ఏడుపునే ఆధారంగా తీసుకున్నారు. శత్రువు తల్లి ఏడుపు! ఇది పాడించేటప్పుడు కిటికీ దగ్గర నిలబడిన ఆ మూడు వచనాలు ఒక్క గొంతుతో, తబలా ఆపేసి పాడించు.

ఇక విలాపగీతాల సంగతి. దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే మన సంఘాల్లో ఇవి దాదాపు వినపడటం లేదు. కీర్తనల్లో మొరలు, ఏడుపులు చాలా ఉన్నాయి. మనం మాత్రం 23, 100, 103, 121, 150 చుట్టూనే తిరుగుతాం. 88వ కీర్తన ఎప్పుడైనా పాడామా? చివర్లో దేవుడు విన్నాడన్న మాట గానీ, స్తోత్రం గానీ ఉండదు. నా ప్రియులను దూరం చేశావు, చీకటే నాకు బంధువైంది అంటూ అక్కడే ఆగిపోతుంది. అయినా దాని పైన 'గీతము' అనే రాసి ఉంది, ప్రధానగాయకునికి అప్పగించారు. అంటే నలుగురి మధ్య పాడటానికే అది పెట్టారు. అలాగే 2 సమూయేలు 1వ అధ్యాయంలో సౌలు, యోనాతాను చనిపోయినప్పుడు దావీదు పాడిన విలాపం చూడు. తనను చంపాలని తిరిగిన సౌలు కోసం దావీదు ఏడుస్తాడు. బలాఢ్యులు పడిపోయారు అనే మాట 3 సార్లు పల్లవిలా వస్తుంది. ఆ పాటలో దేవుని పేరు ఒక్కసారి కూడా రాదు. అయినా యూదావారికి దాన్ని నేర్పించమని దావీదు ఆజ్ఞ ఇచ్చాడు. దుఃఖాన్ని కూడా నేర్పాలి, అది దానంతటదే రాదు.

అందుకే చావు ఇంటికి క్వాయర్‌ను తీసుకెళ్లినప్పుడు సామెతలు 25:20 గుర్తుపెట్టుకో. మనసు బాధలో ఉన్నవాడి ముందు పాటలు పాడటం చలిరోజున వాడి పైబట్ట లాగేయడం లాంటిదని అక్కడ రాసి ఉంది. ఆ ఇంట్లో డోలక్ మోగించి హుషారు పాటలు పాడించకు. ఆదరణ పేరుతో అలా చేసేవాళ్లను చాలామందిని చూశాను, ఆ ఇంటి ఆడవాళ్లు తలవంచుకుని కూర్చోవడం కూడా చూశాను. 42వ కీర్తన నెమ్మదిగా పాడించు. లేదా 130. అంతే చాలు.

అభ్యాసం విషయం. 1 దినవృత్తాంతములు 25లో దావీదు కాలపు గాయకుల లెక్క ఉంది. ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాల నుంచి తర్ఫీదు పొందినవాళ్లు 288 మంది, 24 వరుసలుగా. ఎవరి వంతు ఎప్పుడన్నది చీట్లు వేసి తేల్చారు, పెద్దా చిన్నా, గురువూ శిష్యుడూ అని తేడా లేకుండా. నీ క్వాయర్‌లో ఎప్పుడూ ఒకరిద్దరికే మైకు దక్కుతుంటే ఈ వచనం వాళ్లకు చదివి వినిపించు. ఆసాపు వంశం కథ ఇంకా గొప్పది. యూదా రాజు యెహోషాపాతు సైన్యం ముందు గాయకులను నడిపించిన సంగతి (2 దినవృత్తాంతములు 20) అందరూ చెబుతారు. అంతకుముందు దేశమంతా ఉపవాసం ఉందని, ఏం చేయాలో మాకు తెలియడం లేదని రాజు అందరి ముందు ఒప్పుకున్నాడని, ఆ ప్రార్థన తర్వాత లేచి మాట్లాడిన లేవీయుడు ఆసాపు సంతతివాడని చెప్పేవాళ్లు తక్కువ. ఆ ముందు భాగం వదిలేసి పాడితే గెలుపు ఖాయం అన్నట్టు ఆ అధ్యాయాన్ని నేర్పకు. చెర నుంచి తిరిగొచ్చినవాళ్లలో కూడా ఆసాపు వంశపు గాయకులు 128 మంది ఉన్నారు. గుడి లేని కాలమంతా ఆ కుటుంబాలు ఆ పాటలను ఎక్కడో దాచుకుని బతికించాయన్నమాట.

నెహెమ్యా 13:10 కూడా చూడు. ఇవ్వాల్సిన భాగం ఇవ్వకపోవడంతో లేవీయులు, గాయకులు గుడి వదిలి ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా కోప్పడింది అధికారుల మీద, గాయకుల మీద కాదు. తబలా వాయించే అబ్బాయికి, కీబోర్డు అబ్బాయికి దారి ఖర్చులైనా ఇవ్వమని కమిటీలో నువ్వే అడుగు. మొహమాటపడకు.

రాగాల గురించి అడిగావని మీ నాన్న చెప్పాడు. ఆ పాత రాగాలు మనదాకా రాలేదు. 22వ కీర్తన పైన 'అయ్యెలెత్ షహరు అను రాగము' అని ఉంటుంది, ఉదయపు లేడి అని అర్థం. జనానికి అప్పటికే తెలిసిన ఏదో పాట వరుస అయి ఉంటుందని పండితులు అనుకుంటారు. మన పాత క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం వేశారు కదా, అలాంటిదే. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు 19వ శతాబ్దంలోనే మన రాగాల్లో కీర్తనలు కట్టారు. కాబట్టి నువ్వు మోహనలోనో, ఆనందభైరవిలోనో వరుస కట్టుకుంటే తప్పేమీ లేదు. ఒక్కటి చూసుకో. హెబ్రీ పాట పంక్తి రెండు సగాలుగా నడుస్తుంది, మొదటి సగం ఒక మాట అంటే రెండో సగం దాన్ని ఇంకో విధంగా అంటుంది, లేదా పెంచుతుంది. వరుస కట్టేటప్పుడు ఆ రెంటి మధ్య ఊపిరి తీసుకునే చోటు వదులు. ఇది అర్థం కావడానికి 136వ కీర్తన మించింది లేదు. 'ఆయన కృప నిరంతరముండును' అన్న మాట 26 సార్లు వస్తుంది. మొదటి సగం క్వాయర్ పాడాలి, రెండో సగం సంఘమంతా. పుస్తకం చూడలేని ముసలివాళ్లు, చదవడం రాని చిన్నపిల్లలు కూడా రెండో వచనానికే అందుకుంటారు.

ఆమోసు 5:23 నువ్వు తప్పించుకోలేవు. మీ పాటల ధ్వని నా దగ్గరనుంచి తొలగించండి అంటాడు దేవుడు అక్కడ. బీదవాళ్లను తొక్కి, ఊరి గుమ్మం దగ్గర తీర్పు చెప్పే చోట లంచాలు తిని, పండగరోజు బాగా పాడిన జనానికి చెప్పిన మాట అది. యెహెజ్కేలు 33లో ఇంకోటి ఉంది: జనం ప్రవక్త మాటలను మంచి గొంతుతో పాడే ప్రేమపాటలా వింటున్నారట, వింటారు గానీ చేయరట. పాట బాగుందని జనం మెచ్చుకున్న ఆదివారమే క్వాయర్‌తో కలిసి ఈ రెండూ చదువు. మెప్పు రానప్పుడు చదివితే వాటి పదును తెలియదు.

137వ కీర్తనను చివర్లో పెట్టుకో, కానీ మానకు. బబులోను నదుల దగ్గర కూర్చుని, నిరవంజి చెట్లకు సితారాలు తగిలించి, సీయోను పాట ఒకటి పాడండి అని చెరపట్టినవాళ్లు అడిగితే పాడలేమన్న జనం పాట అది. పాడటానికి నిరాకరించడమే పాటైంది. చివరి వచనంలో శత్రువుల పసిపిల్లల మీద పగ ఉంది. దాన్ని కత్తిరించి పాడకు, సంబరంగానూ పాడించకు. పట్టణం కాలిపోయి, పిల్లలు చచ్చి, నడిపించుకుపోబడ్డవాళ్ల నోటి మాట ఇదని, వాళ్లు ఆ పగను కత్తితో తీర్చుకోకుండా దేవుడి ముందు పెట్టారని ముందుగా చెప్పి, ఆ వచనం పాడకుండా ఒకరు చదివేలా చెయ్యి. పాస్టరుగారితో ముందు మాట్లాడు, ఆయన ఒప్పుకుంటేనే.

పాటల కాగితాలు జిరాక్స్ తీయించేటప్పుడు పెద్ద అక్షరాల్లో తీయించు, ప్రతి పాట పైన అధ్యాయం, వచనం వేయించు. 136వ కీర్తన మొదటిసారి పాడించిన ఆదివారం ఎలా జరిగిందో ఫోన్ చేసి చెప్పు, మీ పెద్దమ్మ కూడా వింటానంటోంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న