మాత్ర నూరి పప్పులో కలిపి పెడుతున్నాం.. తప్పా డాక్టర్ గారూ?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. స్కిజోఫ్రేనియా అని నెల రోజులు ఆసుపత్రిలో ఉంచి, రెండు వారాల కిందట ఇంటికి పంపారు. పక్కింటివాళ్లు అన్నంలో ఏదో కలుపుతున్నారంటాడు. తనలో తానే మాట్లాడుకుంటాడు. ఒలాంజపిన్ మాత్ర ఇస్తే ఉమ్మేస్తున్నాడని అమ్మ నూరి పప్పులో కలుపుతోంది. వాణ్ని ఇంట్లో ఎలా చూసుకోవాలి? ముందు ఏం గమనించాలి?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ముందు ఆ పప్పులో కలపడం ఆపించండమ్మా. మీ అమ్మగారి బాధ తెలియక కాదు. అన్నంలో ఏదో కలుపుతున్నారన్నదే మీ తమ్ముడి భయం. రేపు ఆ పొడి కంటపడితే భయం నిజమే అయిపోతుంది. ఇక అమ్మ చేతి మంచినీళ్లు కూడా ముట్టడు. పైగా సగం తిని లేచిపోతే మందు ఎంత లోపలికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు.

వార్డులో నర్సులు మాత్ర పేరు చెప్పి చేతికిస్తారు. నీళ్లు తాగాక కాసేపు మాట్లాడించి, నోరు తెరిపించి చూస్తారు. చెంపలోనో నాలుక కిందో దాచుకునేవాళ్లు ఎక్కువ మరి. ఇంట్లో ఆ పని అతను ఎవరి మాట వింటాడో వాళ్లకే అప్పగించండి. అయినా ఉమ్మేస్తుంటే నోట్లో వేయగానే కరిగే ఒలాంజపిన్ మాత్రలున్నాయి, కొన్ని వారాలకోసారి చేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. మీ సైకియాట్రిస్టును అడగండి.

అన్నిటికన్నా ముందు గమనించాల్సింది ప్రాణానికి ముప్పు ఉందా అన్నది. డిశ్చార్జి తర్వాత మొదటి వారాల్లో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే ఈరోజే తీసేయండి, మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేయండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ‘దూకెయ్’, ‘వాణ్ని కొట్టు’ అని గొంతులు వినిపిస్తున్నాయంటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తర్వాత తిండి, నిద్ర. అందరూ ఒకే గిన్నెలోంచి తినండి, అతన్నే వడ్డించుకోనివ్వండి. తొక్క తీయని అరటిపండు, పెంకు ఒలవని ఉడికించిన గుడ్డు ఇలాంటివాళ్లు అనుమానం లేకుండా తింటారు. వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోతే జబ్బు తిరగబెడుతోందేమో అనుకోవాలి.

పక్కింటివాళ్ల గురించి వాదనకు దిగొద్దు, అలాగని అవునవునని తలూపొద్దు. ‘నాకలా అనిపించట్లేదురా, కానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది’ అంటే చాలు.

ఈ రకం మందులతో ఒక్కోసారి మెడ పక్కకు తిరిగిపోతుంది, కళ్లు పైకి నిలబడిపోతాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లను చూస్తూనే ఉంటాం. అది మందు వల్లే. ఆసుపత్రిలో ఒక ఇంజెక్షన్‌తో తగ్గిపోతుంది. ఒళ్లు కర్రలా బిగుసుకుని, జ్వరం బాగా ఎక్కువై, మనిషి అయోమయంగా ఉంటే మాత్రం అది ఎమర్జెన్సీ, మాత్ర ఆపి వెంటనే తీసుకెళ్లాలి. ఒలాంజపిన్‌తో బరువు, షుగర్ పెరుగుతాయి కాబట్టి నెలకోసారి బరువు చూడండి, షుగర్ పరీక్ష ఎప్పుడెప్పుడో డాక్టర్‌నే అడగండి.

ఎవరైనా గొలుసులతో కట్టేయమంటే వినొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం దాన్ని నిషేధించింది. అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.