డైమండ్లిచ్చి ఫోటో అడిగాడు.. కేసు పెడితే పాప స్టేషన్ చుట్టూ తిరగాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. హోంవర్క్ క్లాస్ వాట్సాప్ గ్రూపులో వస్తుంది కాబట్టి సాయంత్రాలు నా ఫోన్ తన దగ్గరే ఉంటుంది. రాసుకున్నాక కాసేపు గేమ్ ఆడేది. అందులో పరిచయమైన ఎవడో నెల రోజులుగా చాట్ చేస్తూ, గేమ్‌లో వాడుకునే డైమండ్లు రెండుసార్లు గిఫ్టుగా ఇచ్చాడు. మొన్న బట్టలు లేకుండా ఫోటో పంపమన్నాడట. పాప పంపలేదు. నా దగ్గరికొచ్చి, "అమ్మా, పంపకపోతే డైమండ్లు వెనక్కి తీసేసుకుంటాడా?" అని అడిగింది. మా ఆయన పాపను రెండు దెబ్బలేసి, గేమ్ తీసేశారు. ఫోటో ఏమీ పోలేదు కదా, స్టేషన్‌కెళ్తే పరువు పోతుంది, ఊరుకో అంటున్నారు. స్కూల్లో చెబితే అది మీ ఇంటి విషయం అన్నారు. వాళ్లేమో పిల్లల ఫోటోలు పేరు, క్లాసుతో సహా ఫేస్‌బుక్‌లో పెడుతుంటారు. మేం ఏం చేయాలి?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పాప పేరు, స్కూల్ పేరు ఉన్నాయి. రెండూ తీసేశాను. మర్యాద కోసం మాత్రమే కాదు. ఇలాంటి కేసులో బిడ్డ పేరు, బడి, ఇల్లు, ఫోటో.. గుర్తుపట్టే వీలున్న ఏ వివరం పత్రికలో వేసినా పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 23 కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. మీ ఆయన భయపడుతున్న పరువు సంగతి 2012లో ఆ చట్టం రాసినవాళ్లకూ తెలుసు.

ఫోటో పోలేదు కాబట్టి నేరం జరగలేదనుకోవడం పొరపాటు. అశ్లీల అవసరానికి బిడ్డను ఆశపెట్టడం, అందుకోసం ఏదైనా ముట్టజెప్పడం సెక్షన్ 11 ప్రకారం లైంగిక వేధింపే. సెక్షన్ 12 కింద మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ డైమండ్లు మీకు ఆటవస్తువుల్లా కనిపిస్తున్నాయేమో, కేసులో అవే ఎర. పిల్లలను ఇలా ఆన్‌లైన్‌లో మచ్చిక చేసుకుని లొంగదీసుకోవడం ఐటీ చట్టం సెక్షన్ 67బి కిందికీ వస్తుంది. మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. వాడికి కూడా పద్దెనిమిదేళ్లు నిండలేదని తేలితే కేసు మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. అది తేల్చాల్సింది పోలీసులు, మీరు కాదు.

ఇక 'ఊరుకో' అన్న మాట. పోక్సో సెక్షన్ 19 ప్రకారం పిల్లలపై ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు. ఇందులో తల్లిదండ్రులకు మినహాయింపు లేదు, మీరు చెప్పాక 'మీ ఇంటి విషయం' అన్న స్కూలుకూ లేదు. కంప్లయింట్ రాసుకోని పోలీసుకూ అదే శిక్ష. చెప్పలేదని శిక్షించకూడనిది బిడ్డ ఒక్కదాన్నే. ఈ మాట మీ ఆయనకు బెదిరింపుగా కాకుండా నెమ్మదిగా చెప్పండి.

పాప స్టేషన్‌కు రానక్కర్లేదు. సెక్షన్ 24 ప్రకారం వాంగ్మూలం మీ ఇంట్లోనో, పాపకు ఇష్టమైన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, అదీ యూనిఫాం లేకుండా. మీరు పక్కనే ఉండొచ్చు. కోర్టులో విచారణ తలుపులు మూసి జరుగుతుంది, నిందితుడు పాప కంటపడకుండా చూస్తారు. ఏడాదిలోపు ముగించాలని చట్టం అంటుంది. వాయిదాలు ఎలా నడుస్తాయో కడప కోర్టు మెట్లెక్కే నాకు తెలుసు కాబట్టి ఆ ఒక్కదానికి మాత్రం హామీ ఇవ్వలేను.

అన్నిటికంటే ముందు ఫోన్ సంగతి చూడండి. రీసెట్ చేయొద్దు. డేటా తీసిస్తానంటూ మొబైల్ షాపువాళ్లు అడిగినా ఇవ్వొద్దు. గేమ్ తీసేసినంత మాత్రాన అకౌంట్ పోదు. ఏ మెయిల్‌తో ఆడిందో ఆ వివరం, గేమ్‌లో పాప ఐడీ, వాడి నిక్‌నేమ్, డైమండ్లు వచ్చిన తేదీలు గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసిపెట్టండి. పాపను కూర్చోబెట్టి పదిసార్లు అడగొద్దు, ఒక్కసారి తన మాటల్లో చెప్పింది చెప్పినట్టు రాసుకోండి చాలు. వాడు పంపిన బొమ్మలో వీడియోలో ఫోన్‌లో ఉంటే సాక్ష్యం కోసమని చెల్లెలికో మరిదికో ఫార్వర్డ్ చేయొద్దు. పిల్లల అశ్లీల చిత్రాలను పంపడమే కాదు, పంచే ఉద్దేశంతో దాచుకోవడమూ నేరమేనని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ ఫోన్‌ను నేరుగా పోలీసులకే ఇచ్చి, ఇచ్చినట్టు కాగితం తీసుకోండి.

వాడు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, మీ దగ్గరి స్టేషన్‌లోనే కంప్లయింట్ ఇవ్వొచ్చు. మా పరిధి కాదనడానికి లేదు, పరిధితో పనిలేకుండా కేసు నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. ఐటీ చట్టం సెక్షన్లు పడ్డ కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గనివాళ్లే దర్యాప్తు చేయాలి కాబట్టి సీఐని కలవండి. అంతదూరం వెళ్లడానికే టెన్షన్‌గా ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. లాయర్ ఫీజు గురించి బెంగ వద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. నంబర్ 15100.

పాపను కొట్టడం గురించి ఒక మాట. తను వాడు అడిగింది చేయలేదు, నేరుగా మీ దగ్గరికొచ్చింది. దానికి దెబ్బలు పడ్డాయి. ఈసారి ఇంకెవడైనా అడిగితే మీకు చెబుతుందా? డైమండ్లు పోయినా ఫరవాలేదని, తప్పు వాడిదేనని వాళ్ల నాన్నే చెబితే మంచిది. తర్వాత ఆడుకోనిచ్చినా చాట్, ఫ్రెండ్ రిక్వెస్టులు ఆపేసి, హాల్లో మీ కళ్లెదుటే ఆడుకోనివ్వండి.

స్కూల్ ఫోటోల విషయం దీనికంటే చిన్నదే, కానీ వదిలేయొద్దు. పేరు, క్లాసు, యూనిఫాం మీద బడి పేరు ఒకేచోట కనిపిస్తే పాప ఎక్కడ దొరుకుతుందో అడ్రస్ రాసి ఇచ్చినట్టే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. అంతదాకా ఆగక్కర్లేదు. మా పాప ఫోటో, పేరు ఎక్కడా పెట్టడానికి మాకు సమ్మతి లేదు, ఇప్పటికే పెట్టినవి తీసేయండి అని తెల్లకాగితం మీద నాలుగు వరుసలు రాసి హెడ్‌మిస్ట్రెస్‌కు ఇవ్వండి. జిరాక్స్ కాపీ మీద స్కూల్ స్టాంపు, తేదీ వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి.