చేప లోతుకు "అలవాటు పడిందా"?

సందేహం: మా డిగ్రీ విద్యార్థుల కోసం లోతు సముద్రపు జంతువుల మీద తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. పాపులేషన్ జెనెటిక్స్‌ను "జనాభా జన్యుశాస్త్రం" అంటే, చేపలకు జనాభా ఏమిటని సహాధ్యాపకులు ఒకరు అభ్యంతరం చెప్పారు. లోకల్ అడాప్టేషన్‌కు "స్థానిక అనుసరణ" సరిపోతుందా? "చేపలు లోతుకు అలవాటు పడి తమ జన్యువులను మార్చుకున్నాయి" అన్న వాక్యంలో దోషం ఉందా? "సముద్రగర్భ జంతువులు" అనవచ్చునా?
– ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

సమాధానం: వీటిలో వాక్యానికి సంబంధించిన సందేహమే పెద్దది కనుక ముందు దానిని చూద్దాం.

అలవాటు పడటం ఒక ప్రాణి తన జీవితకాలంలో చేసే పని. ఎండలకు అలవాటు పడ్డామని రామగుండం వారు అంటే వారి ఒళ్లు ఆ వేడిని ఓర్చుకుంటున్నదని అర్థం. వారికి పుట్టే పిల్లలకు ఆ ఓర్పు పుట్టుకతోనే వస్తుందని కాదు. మీరు చెప్పదలచినది మాత్రం తరాల మీద జరిగే మార్పు. ఇక "మార్చుకున్నాయి" అన్న క్రియ ఇంకా ఇబ్బంది పెడుతుంది. "వండాడు", "వండుకున్నాడు" అన్న మాటలకున్న తేడా మీకు తెలిసినదే. "కొను" చేరగానే కర్త తన కోసం పూనుకొని చేసిన పని అన్న భావం వస్తుంది. జన్యువులను మార్చుకోవడం ఏ చేప వశంలోనూ లేదు. జన్యువులలో తేడాలు యాదృచ్ఛికంగా పుడతాయి, ఆ లోతున నిలిచి ఎక్కువ సంతానాన్ని మిగిల్చిన చేపల జన్యురూపాలు తరతరానికీ పెరుగుతాయి. కనుక "ఆ లోతుకు తగిన జన్యురూపాలు గల చేపలు తరతరానికీ ఎక్కువయ్యాయి" అని రాయండి. వాక్యం కొంత పొడవైనా, చేపకు లేని సంకల్పాన్ని అంటగట్టదు.

"అనుసరణ" అంటే వెంట నడవడం. నవలను సినిమాగా మలచినప్పుడు ఆ మాట ఒప్పుతుంది. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలలో "అనుకూలనం" స్థిరపడింది కనుక "స్థానిక అనుకూలనం" అనండి. ఇందులో "స్థానిక" అన్న విశేషణం అలంకారానికి పెట్టింది కాదు. ఒక చోటి సమూహం ఆ చోట, బయటి నుంచి వచ్చిన అదే జాతి సమూహం కంటే మెరుగ్గా బతికి సంతానం కనడమే స్థానిక అనుకూలనం. స్థానికులు, స్థానికేతరులు అన్న తేడాను తెలంగాణలో ఎవరికీ వివరించనక్కరలేదు. ఇక్కడ ఆ తేడా ఒకే జాతి లోపల ఉండాలన్నదే షరతు. లోతు పెరిగే కొద్దీ చేపల కండరాలలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే రసాయనం పెరుగుతుంది, అది నీటి ఒత్తిడికి ప్రోటీన్లు చెడకుండా కాపాడుతుంది. అయితే పైలోతుల జాతినీ, 2022లో జపాను సమీపపు అగాధంలో 8336 మీటర్ల దిగువన కెమెరాకు చిక్కిన నత్తచేప జాతినీ పోల్చి చూపే తేడా అనుకూలనమే కానీ స్థానిక అనుకూలనం కాదు. దానికి సరైన ఉదాహరణ ఉత్తర అట్లాంటిక్‌లోని రౌండ్‌నోజ్ గ్రెనేడియర్ అనే చేప. ఒకే ప్రాంతంలో వేర్వేరు లోతులలో పట్టిన ఈ చేపల జన్యుపదార్థాన్ని పోల్చి 2018లో ప్రచురించిన పరిశోధనలో, 1800 మీటర్ల వద్దివి పైలోతుల వాటి నుంచి కొన్ని జన్యువులలో వేరుగా కనిపించాయి. వాటి మధ్య గోడ లేదు, ఉన్నదల్లా లోతే.

"జనాభా" విషయంలో మీ సహాధ్యాపకుల అభ్యంతరం సగం మాత్రమే నిలుస్తుంది. జన, జన్మ, జన్యువు అన్నీ పుట్టుకను చెప్పే ఒకే ధాతువు నుంచి వచ్చినవి కనుక శాస్త్రం పేరుగా "జనాభా జన్యుశాస్త్రం" ఉండనివ్వండి. చిక్కంతా వాక్యాలలోనే వస్తుంది. వరంగల్ జనాభా ఎంత అని అడిగితే మనం అంకె చెబుతాం. జన్యుశాస్త్రంలో పాపులేషన్ అంకె కాదు, ఒక చోట ఉంటూ తమలో తాము సంతానం కనే గుంపు. "రెండు జనాభాల మధ్య" అనేకంటే "రెండు సమూహాల మధ్య" అన్నది చెవికి ఇంపుగా ఉంటుంది. "మంద" మాత్రం వద్దు, అది కలిసి తిరిగే గుంపు.

సమూహాల మధ్య రాకపోకలకు "జన్యుప్రవాహం" చక్కని మాట. మన గొలుసుకట్టు చెరువులలో పైచెరువు మత్తడి దుంకితే ఆ నీటితో చేపలు కింది చెరువుకు చేరి అక్కడి వాటితో కలుస్తాయి. సముద్రంలో ఆ పనిని చాలావరకు ప్రవాహాలలో కొట్టుకుపోయే లార్వాలు, అంటే ఇంకా ఎదగని తొలిదశ పిల్లలు, చేస్తాయి. సముద్రపు అడుగున వేడినీటి ఊటల వద్ద పెరిగే రిఫ్టియా అనే గొట్టపు పురుగు లార్వా తిండి లేకుండా సుమారు 38 రోజులు బతకగలదని అంచనా. ఆ గడువులోపే దానికి మరొక ఊట దొరకాలి. ఇలా వచ్చి కలిసేవి ఎక్కువైతే స్థానిక అనుకూలనం పలచబడుతుంది, ఆ చోటికి తగినవాటినే మిగిల్చే ప్రకృతి ఎంపిక బలంగా ఉన్నచోట మాత్రం నిలుస్తుంది. మీ పాఠంలో జన్యుప్రవాహం, స్థానిక అనుకూలనం అన్న ఈ రెండు మాటలను పక్కపక్కనే పరిచయం చేస్తే మంచిది.

"సముద్రగర్భం" చమురుకూ ఖనిజాలకూ బాగా సరిపోతుంది, ఎందుకంటే అది అడుగునేల లోపలి భాగాన్ని కూడా స్ఫురింపజేస్తుంది. నీటిలో ఈదే జంతువులకు మీ ప్రశ్నలోనే మీరు వాడిన "లోతు సముద్రపు జంతువులు" మేలు.