టెక్ సందేహాలు: ముల్లు సగానికి పడితే ఇంజన్ పని అయిపోయినట్టేనా?

ప్రశ్న: సార్, మాది కడప, ఎర్రముక్కపల్లె. ఇంట్లో నాన్నగారి కాలం నాటి పెట్రోల్ అంబాసిడర్ ఉంది. పండగలకూ పెళ్లిళ్లకూ బయటికి తీస్తాం. డాష్‌బోర్డు కింద ఆయన విడిగా బిగించుకున్న ఆయిల్ ప్రెషర్ మీటరు ఉంది, 80 పీఎస్ఐ దాకా అంకెలుంటాయి. ఇన్నేళ్లూ పొద్దున స్టార్ట్ చేస్తే 60 దగ్గర, వేడెక్కాక రోడ్డు మీద 40కి పైన, ఆగి ఉన్నప్పుడు 15 చూపించేది. మొన్న రాయచోటికి పోతూ గువ్వలచెరువు దగ్గర పాలకోవా కోసం ఆపినప్పుడు చూస్తే ముల్లు 7 మీద ఉంది. ఎర్ర లైటు వెలగలేదు, ఇంజన్ శబ్దంలో తేడా లేదు. మర్నాడు చల్లటి ఇంజన్ మీద కూడా 30 దాటలేదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ సరిగ్గానే ఉంది. పోయిన నెలే సర్వీసు చేయించాం. పాత గ్రేడు ఆయిలే పోశారు, కారుతున్న ఆయిల్ సెన్సారు కూడా మార్చారు. మెకానిక్ మాత్రం ‘ఇంజన్ బోరుకొచ్చింది సార్, దించాల్సిందే’ అంటున్నాడు, సిలిండర్లు అరిగాయట. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇంజన్ దించకండి. అలాగని అసలు సంగతి తేలేదాకా గువ్వలచెరువు ఘాట్ రోడ్డూ ఎక్కకండి.

ఈ శీర్షికకు ఎక్కువగా ఫోన్ల గురించే ఉత్తరాలొస్తాయి. ఇంజన్ గురించి ఇంత వివరంగా రాసినవాళ్లు అరుదు. మీ సమస్యకు జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉంది. పొద్దున 60 ఉండేది 30 అయింది, ఆగినప్పుడు 15 ఉండేది 7 అయింది. చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా సరిగ్గా సగమే. ఇంజన్ అరిగితే ప్రెషర్ ఇలా లెక్కగా సగానికి పడదు. అరిగిన ఇంజన్‌లో కూడా పొద్దున ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ముల్లు దర్జాగానే లేస్తుంది. వేడెక్కి, ఆగి, ఐడిలింగ్‌లో ఉన్నప్పుడే అసలు రంగు బయటపడుతుంది. పైగా అరుగుదల ఏళ్ల తరబడి మెల్లగా కనిపించాలి, ఒక్క సర్వీసు తర్వాత ఊడిపడదు. ఆ సర్వీసులో మారినవి రెండే, ఆయిలూ సెన్సారూ. గ్రేడు పాతదే అంటున్నారు కాబట్టి నా అనుమానమంతా సెన్సారు మీదే.

మీ మీటరు కరెంటుతో పనిచేసే రకమని సెన్సారు ఉండటాన్ని బట్టే తెలుస్తోంది. ఆయిల్ ఒత్తిడిని బట్టి సెన్సారు లోపలి నిరోధం మారుతుంది, మీటరు ఆ ఓమ్‌లను ముల్లుగా చూపిస్తుంది. అంటే మీటరు కొలిచేది ప్రెషర్‌ను కాదు, నిరోధాన్ని. యూరప్ పద్ధతి సెన్సార్లు ప్రెషర్ సున్నా ఉన్నప్పుడు 10 ఓమ్‌లతో మొదలై పూర్తి ప్రెషర్‌కు 180 దాకా పోతాయి. అమెరికా పద్ధతివి ఇందుకు తలకిందులు, 240తో మొదలై 33కి దిగుతాయి. ఈ రెంటినీ కలిపేస్తే ముల్లు వెర్రిమొర్రిగా ఆడుతుంది, ఎవరైనా వెంటనే పట్టేస్తారు. పట్టుకోలేనిది మరొకటి ఉంది. యూరప్ పద్ధతిలోనే 5 బార్ సెన్సారు, 10 బార్ సెన్సారు అని రెండు రకాలు దొరుకుతాయి (బార్ కూడా పీఎస్ఐ లాగే ప్రెషర్ కొలత). ఓమ్‌లు రెంటికీ దాదాపు ఒకటే, చూడటానికీ కవల పిల్లల్లా ఉంటాయి. 80 పీఎస్ఐ మీటరుకు 5 బార్‌ది కావాలి, 150 పీఎస్ఐ మీటరుకు 10 బార్‌ది. మీ మీటరుకు 10 బార్ సెన్సారు తగిలిస్తే, ఇంజన్‌లో నిజంగా 60 పీఎస్ఐ ఉన్నా ముల్లు 30 దగ్గరే ఆగుతుంది. స్పేర్ పార్ట్స్ షాపులో ‘అంబాసిడర్ ఆయిల్ సెన్సార్’ అని అడిగితే చేతికి దొరికింది ఇచ్చేస్తారు. ఆ మీటరు మీ నాన్నగారు బయట కొని బిగించుకున్నదని షాపతనికి ఎలా తెలుస్తుంది? సెన్సారు ఒంటి మీద 5 బార్, 10 బార్ అని ముద్ర ఉంటుంది. ముందు గుడ్డతో తుడిచి అది చదవండి.

ఎర్ర లైటు వెలగకపోవడం కూడా మీకు సాక్ష్యమే, కానీ దాని మీద మరీ ఎక్కువ భరోసా పెట్టుకోవద్దు. ఆ లైటు స్విచ్ సాధారణంగా 5 పీఎస్ఐ అటూ ఇటూగా ప్రెషర్ పడిపోయాకే వెలుగుతుంది. అది వెలిగే సమయానికి బేరింగుల దగ్గర ఆయిల్ దాదాపు లేనట్టే. నడుస్తుండగా ఆ లైటు వెలిగితే ‘ఇంకో రెండు కిలోమీటర్లు పోతే ఊరొస్తుంది’ అనుకోవద్దు. పక్కకు తీసి తాళం ఆపేయండి. అసలు లైటు బల్బు పనిచేస్తోందా అన్నది కూడా చూసుకోవాలి. ఇంజన్ స్టార్ట్ చేయకముందు తాళం తిప్పితే అది వెలగాలి. వెలగకపోతే మీ సాక్షి మూగవాడన్నమాట.

వైరు సంగతి అయిదు నిమిషాల్లో తేలుతుంది. ఇంజన్ ఆపి, తాళం తిప్పి, సెన్సారు నుంచి వైరు పీకండి. ముల్లు ఒక కొసకు పోవాలి. ఆ వైరు కొసను ఇంజన్ బాడీకి ఒక్క క్షణం తాకిస్తే రెండో కొసకు రావాలి. అలా తిరిగిందంటే మీటరూ వైరూ బాగున్నట్టే. తిరగకపోతే వైరు, ఫ్యూజు, డాష్‌బోర్డు వెనక ఎర్త్ చూడాలి. ఇంకో తరచు పొరపాటు, ఆయిల్ కారకుండా సెన్సారు మరల చుట్టూ తెల్లటి టేపు చుట్టడం. ఒంటి వైరు సెన్సారుకు ఎర్త్ ఆ మరల ద్వారానే అందుతుంది. టేపు మందంగా చుడితే మధ్యలో అడ్డుపడి, రీడింగు తప్పుతుంది. పెట్రోల్, టెంపరేచర్ మీటర్లు కూడా ఒకేసారి తగ్గి చూపిస్తుంటే మాత్రం సెన్సారును తిట్టొద్దు, కరెంటు సరఫరాలోనో ఎర్త్‌లోనో లోపముంది.

ఇవన్నీ సరే, చివరికి నమ్మాల్సింది మరొక మీటరునే. మెకానికల్ ప్రెషర్ గేజ్ అని గొట్టంతో వచ్చేది ఉంటుంది. కరెంటూ ఓమ్‌లూ అక్కర్లేదు, ఆయిలే నేరుగా వెళ్లి ముల్లును తోస్తుంది. లారీలు బాగుచేసే షెడ్లలో అడిగి చూడండి. సెన్సారు తీసి అక్కడ దీన్ని బిగించాలి. మరలు సరిపోయే అడాప్టర్ ఉంటేనే బిగించనివ్వండి. ‘కొంచెం గట్టిగా తిప్పితే కూర్చుంటుంది’ అంటే ఒప్పుకోవద్దు, బ్లాకు మరలు పోతే ఈ గొడవ కంటే అదే పెద్ద ఖర్చు. ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి, ఒకసారి ఐడిలింగ్‌లో, ఒకసారి యాక్సిలరేటర్ తొక్కి చూడండి. వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ అన్నది మెకానిక్కుల పాత లెక్క. మీ ఇంజన్‌కు వేడిలో ఐడిలింగ్‌లో 15 ఉంటే హాయిగా నిద్రపోవచ్చు, 10 ఉన్నా కొంప మునగదు. రోడ్డు వేగంలో 40 నుంచి 60 మధ్య ఉండాలి.

అప్పుడూ తక్కువే చూపిస్తే? అప్పుడు కూడా బోరు మాట ఎత్తొద్దు. మీ మెకానిక్ అన్న మాట రాయలసీమ అంతటా వినిపించేదే కానీ, ఈ రోగానికి ఆ మందు కాదు. బోరు అరిగితే పొగ వస్తుంది, ఆయిల్ తాగుతుంది, పికప్ పడిపోతుంది. ఆయిల్ ప్రెషర్ నిలబడేది సిలిండర్ గోడల దగ్గర కాదు, క్రాంక్ షాఫ్ట్ బేరింగుల దగ్గర. పంపు ఆయిల్‌ను తోస్తూ పోతుంది, బేరింగుకూ షాఫ్ట్‌కూ మధ్య ఉన్న వెంట్రుక మందం సందు దాన్ని బయటికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. ఆ అడ్డే ప్రెషర్. సందు రెట్టింపైతే ఆయిల్ కారిపోయేది రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. అందుకే బేరింగులు కొద్దిగా అరిగినా వేడిలో ముల్లు అంతలా పడుతుంది. బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయించి, షెల్ బేరింగులు పాతవే ఉంచి బిగించిన బండ్లు ఉన్నాయి. డబ్బులు పోయాయి, ముల్లు మాత్రం అక్కడే ఉంది.

బేరింగుల కంటే ముందు చూడాల్సినవి చవకవి. డిప్‌స్టిక్ తీసి లెవెల్ చూశారు, మంచిదే. ఇంకోసారి తీసి వాసన చూడండి. ఇంజన్‌కే బిగించి ఉండే పాతకాలపు పెట్రోల్ పంపులో డయాఫ్రం చిరిగితే పెట్రోల్ మెల్లగా సంపులోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. లెవెల్ తగ్గదు సరికదా పెరుగుతుంది. ‘ఆయిల్ ఏమాత్రం తాగట్లేదు’ అని మురిసిపోయేవాళ్లు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూడాల్సింది ఇందుకే. మజ్జిగ రంగు కనిపిస్తే నీళ్లు కలుస్తున్నట్టు, హెడ్ గాస్కెట్ చూపించాలి. తర్వాత రిలీఫ్ వాల్వ్, అంటే ప్రెషర్ మరీ పెరిగితే ఆయిల్‌ను వెనక్కి వదిలే వాల్వ్. మీ ఇంజన్ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వారి పాత బి సిరీస్ 1489 సీసీది అయితే, బ్లాకు వెనక భాగంలో గుండ్రటి డోమ్ నట్ కింద ఒక స్ప్రింగూ వాల్వూ ఉంటాయి. దాని కింద చిన్న చెత్త ఇరుక్కున్నా వాల్వ్ పూర్తిగా మూసుకోక ఆయిల్ అక్కడి నుంచే సంపులోకి జారిపోతుంది. అప్పుడు మాత్రం చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ప్రెషర్ తక్కువే ఉంటుంది. మీ లక్షణాలకు సరిపోయే రెండో అనుమానితుడు ఇదే. విప్పి, తుడిచి, బిగించడం అరగంట పని. ఆ తర్వాత సంపులో పంపు నోటి దగ్గరుండే జల్లెడ. ఏడాదిలో ఎక్కువ భాగం నిలబడే ఉండే బండ్లలో మడ్డి పేరుకుని అది పూడుకుపోతుంది. ఇవన్నీ అయ్యాకే బేరింగుల వంతు.

ఒకటి మాత్రం చేయొద్దు. ముల్లు లేవాలని చిక్కటి ఆయిలో, ప్రెషర్ పెంచే మందు సీసానో పోసి ఊరుకోవద్దు. ముల్లు లేస్తుంది, నిజమే. లోపల రోగం ఉంటే అది అలాగే ఉంటుంది, మీకు కనబడటం మానేస్తుంది.

ప్రశ్న: నాది అనంతపురం. డీజిల్ కారుకు ఆన్‌లైన్‌లో బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారులోని కంప్యూటర్ అంకెల్ని చదివి ఫోన్‌కు పంపే పరికరం) తెప్పించాను. ఫోన్ యాప్‌లో అన్నీ వస్తున్నాయి కానీ ఆయిల్ ప్రెషర్ అని ఎక్కడా లేదు. ‘ప్రెషర్’ అని ఉన్నచోట ఐడిలింగ్‌లో 97 కనిపిస్తోంది. అదేనా?

జవాబు: కాదు. అది ఇంజన్ పీల్చుకునే గాలి ఒత్తిడి, కిలోపాస్కల్‌లలో. ఇంజన్ ఆపి తాళం మాత్రం తిప్పి చూడండి, అప్పుడూ సుమారు 97 దగ్గరే ఉంటుంది. ఎందుకంటే అది మీ ఊరి గాలి ఒత్తిడి. సముద్ర మట్టం దగ్గర 101 ఉంటే, దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉన్న అనంతపురంలో అంత ఉంటుంది. అంటే మీ సెన్సారు చక్కగా పనిచేస్తోంది.

మామూలు కార్లలో చాలావాటికి ఆయిల్ ప్రెషర్ సెన్సారే ఉండదు, ఆన్, ఆఫ్ తప్ప మరేం తెలియని స్విచ్ ఒకటి ఉంటుంది. కంప్యూటర్‌కే తెలియని అంకెను యాప్ ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది? డబ్బులు కడితే వచ్చే ప్రీమియం వెర్షన్‌లో ఉంటుందేమోనని కొనకండి, అందులోనూ రాదు. కొత్త కార్లు పుట్టే పెనుకొండ మీకు పక్కనే ఉంది కానీ, కొత్తవాటిలో కూడా ఆయిల్ మీటరు కనిపించడం అరుదు, ఎర్ర లైటే దిక్కు. పని అయ్యాక ఆ స్కానర్‌ను పీకి పక్కన పెట్టండి. కారు రోజుల తరబడి నిలబడి ఉంటే బ్యాటరీ దిగిపోవచ్చు.

ప్రశ్న: ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యూ50, 15డబ్ల్యూ40 అని ఉంటాయి. కర్నూలు ఎండలకు ఏది మంచిది? పెద్ద అంకె ఉంటే ప్రెషర్ బాగుంటుందా?

జవాబు: డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. కర్నూలులో దాని గురించి దిగులు అక్కర్లేదు. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనానికి సంబంధించింది. 40 రకానికి అది 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలి, 50 రకానికి 16.3 నుంచి 21.9 మధ్య. పెద్ద అంకెతో ప్రెషర్ కొంచెం పెరుగుతుంది కానీ, సన్నటి సందులతో తయారైన కొత్త ఇంజన్‌లలో ఆయిల్ అన్ని మూలలకూ చేరడం నెమ్మదిస్తుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. బయట ఎండ 44 డిగ్రీలున్నా థర్మోస్టాట్, రేడియేటర్ సరిగ్గా ఉంటే ఇంజన్ వేడి దాదాపు ఒకేచోట నిలబడుతుంది, కాబట్టి ఎండను చూసి గ్రేడు మార్చనక్కర్లేదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉంటే అదే పోయండి. పుస్తకం పోయిందంటారా, కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ పేరు, సంవత్సరం కొట్టి వెతకండి, చాలా వాటికి పీడీఎఫ్ దొరుకుతుంది.