ఒమర్‌కి వారసుడు ఎవరు?

సందేహం: తాలిబాన్ స్థాపకుడి గురించి ‘ముల్లా ఒమర్ వారసుడు మన్సూర్’ అని ఒక పాత పత్రికలో చదివాను. మొన్న మరో వ్యాసంలో ‘ఒమర్ వారసుడు యాకూబ్’ అని ఉంది. ఏది సరైనది? పదవిలో తర్వాత వచ్చినవాణ్ని వారసుడు అనవచ్చా?

సమాధానం: అనవచ్చు. రెండు వాక్యాల్లోనూ భాషాదోషం లేదు, చిక్కల్లా అర్థంతోనే. అరబ్బీ ‘వారిస్’ ఉర్దూ మీదుగా వచ్చి, మన ‘డు’ తగిలించుకుని వారసుడైంది. ముందు ఆస్తికి హక్కుదారు, ఆ తర్వాత పదవికి కూడా. కానీ సినిమాల పుణ్యమా, రాజకీయాల పుణ్యమా అని ఇప్పుడు వారసుడు అనగానే మనవాళ్లకు కొడుకే గుర్తొస్తాడు. తాలిబాన్ వార్తల్లో తికమకపెట్టేది ఇదే.

1994లో అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌లో తాలిబాన్ ఉద్యమం మొదలుపెట్టిన ఒమర్ 2013లోనే చనిపోయాడు. ఆ సంగతి 2015 జులై దాకా బయటికి పొక్కనివ్వలేదు. పొక్కాక అమీర్, అంటే అధినేత, అయింది అఖ్తర్ మన్సూర్. ఇతను ఒమర్ ఇంటివాడు కాడు. ఒమర్ కొడుకు యాకూబ్, తమ్ముడు అబ్దుల్ మనాన్ మొదట ఎదురుతిరిగారు, కొన్ని వారాలకు సర్దుకున్నారు. 2016 మేలో మన్సూర్ అమెరికా డ్రోన్ దాడిలో పోతే, ఆ స్థానంలోకి హిబతుల్లా అఖుంద్‌జాదా అనే మతపండితుడు వచ్చాడు. అప్పుడూ యాకూబ్‌కి దక్కింది ఉపనాయకత్వమే. 2021లో కాబూల్ చేతికొచ్చాక రక్షణ మంత్రి అయ్యాడు.

కాబట్టి ‘ఒమర్ తర్వాత అమీర్ అయిన మన్సూర్’, ‘ఒమర్ కొడుకు యాకూబ్’ అని రాస్తే గొడవే ఉండదు. ‘ఉత్తరాధికారి’ అనమని కొందరంటారు. అది హిందీ వార్తల్లో నడుస్తుంది, మన చెవికి పోస్టాఫీసు అధికారిలా వినిపిస్తుంది. ‘అమీర్‌గా ఎన్నికయ్యాడు’ అన్నా నాకు నచ్చదు. అక్కడ పెద్దల షూరా, అంటే సలహా మండలి, ఒకరిని ఖాయం చేస్తే మిగతావాళ్లు విధేయత ప్రకటిస్తారు. ఎన్నిక అంటే మనకు ఓట్లూ, క్యూలూ. ‘ఎంపిక’ చాలు.

వారసుడు అనే మాట అసలు అర్థంతో అతికేది తాలిబాన్‌లోనే ఓ వర్గమైన హక్కానీల దగ్గర. సోవియట్ సేనలతో పోరాడి పేరుతెచ్చుకున్న జలాలుద్దీన్ హక్కానీ మంచాన పడ్డాక, ఆయన బతికుండగానే పెత్తనం కొడుకు సిరాజుద్దీన్ చేతికొచ్చింది. తండ్రి మరణవార్త 2018లో ప్రకటించారు. 2021లో కొడుకు హోంమంత్రి, చిన్నాన్న ఖలీల్ శరణార్థుల మంత్రి. ఖలీల్ 2024 డిసెంబరులో కాబూల్‌లో ఆత్మాహుతి దాడిలో చనిపోయాడు. ఇక్కడ ‘జలాలుద్దీన్ వారసుడు’ అని నిక్షేపంగా రాయండి.

అయితే హక్కానీ ఇంటిపేరు కాదు. పాకిస్తాన్‌లోని అకోరా ఖట్టక్ ఊళ్లో దారుల్ ఉలూమ్ హక్కానియా అనే మదర్సా ఉంది. అక్కడ చదివినవాళ్లు పేరు చివర హక్కానీ అని పెట్టుకుంటారు, మనవాళ్లు విద్వాన్ అని పెట్టుకున్నట్టు. తాలిబాన్ ప్రధాన న్యాయమూర్తిగా చేసిన అబ్దుల్ హకీమ్ హక్కానీ కూడా అలాంటివాడే, సిరాజుద్దీన్‌కు చుట్టం కాడు. ‘హక్కానీ కుటుంబానికి చెందిన’ అని రాసేముందు తండ్రి పేరు చూసుకోవాలి.